మాటిమాటికీ ఆగిపోయే మా బాయిలర్‌ను దారికి తెచ్చిన ముగ్గురికీ కృతజ్ఞతలు

చలికాలంలో మమ్మల్ని వణికించిన గ్యాస్ బాయిలర్ ఇప్పుడు బుద్ధిగా నడుస్తోంది. అందుకు ముగ్గురు కారణం. ముగ్గురికీ విడివిడిగా థాంక్స్ చెప్పాను గానీ తృప్తిగా అనిపించలేదు. వాళ్లు చేసిందేమిటో నలుగురికీ తెలిస్తే, ఇదే తలనొప్పి పడుతున్న ఇంకో ఇంటికి పనికొస్తుందని రాస్తున్నాను. పేర్లు వద్దన్నారు కాబట్టి వరసలతోనే సరిపెడతాను.

మాది గోడకు బిగించిన బాయిలర్. గదుల్ని వెచ్చబెట్టే రేడియేటర్లకు వేడినీళ్లు తిప్పేదీ అదే, కుళాయికి వేడినీళ్లిచ్చేదీ అదే. హీటింగ్ వేస్తే వెలిగేది, కాసేపు నడిచేది, టక్కున ఆగిపోయేది. తెర మీద ఎర్రర్ కోడ్ వచ్చేది. అది కూడా ఒకే కోడ్ కాదు. రాత్రిపూట వేడెక్కువైందన్న కోడ్, తెల్లారేసరికి నీళ్ల ప్రెషర్ తగ్గిందన్న కోడ్. ఇంట్లో చంటిపిల్ల ఉంది, టెన్షన్ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. మొదట వచ్చిన మెకానిక్ ఈ రెండు కోడ్‌లూ చూసి, ఒకదానికొకటి పొంతన లేదు కాబట్టి మెయిన్ బోర్డు పోయిందని తేల్చేశాడు. బోర్డు ఖరీదు విన్నాక మావారు కాస్త ఆగుదామన్నారు.

అప్పుడు ఫోన్లో దొరికినవారు మా తోడికోడలి అన్నయ్యగారు. ఏళ్ల తరబడి హీటింగ్ పనుల్లో ఉన్న మనిషి. బోర్డు ఊసే ఎత్తలేదు, వరసగా ప్రశ్నలు వేశారు. వెలగకుండానే ఆగుతోందా, వెలిగాక ఆగుతోందా? వెలిగితే ఎంతసేపటికి? కుళాయి తిప్పినప్పుడు కూడా ఆగుతోందా, హీటింగ్‌కేనా? ఆగిన క్షణంలో ప్రెషర్ ముల్లు ఎక్కడుంది, పూర్తిగా చల్లారాక ఎక్కడుంది? ఇవన్నీ ఒక కాగితం మీద రాయమన్నారు. ఊరికే రీసెట్ బటన్ నొక్కుతూ పోతే ఏ గుర్తూ మిగలదన్నారు.

ప్రతి ప్రశ్నకీ ఓ కారణం ఉంది. వెలిగిన కొన్ని సెకన్లకే ఆరిపోతే ముందు మంటను గుర్తుపట్టే పుల్లను చూడాలట. మంటలోంచి పారే కరెంటును బట్టే ఆ పుల్ల మంట ఉందని గుర్తుపడుతుంది, అది మైక్రోఆంపియర్లలో, అంటే ఆంపియర్‌లో పదిలక్షల వంతుల్లో ఉంటుంది, ఆ పుల్ల మీద మసి పేరుకుంటే మంట ఉన్నా లేదనుకుని బాయిలర్ గ్యాస్ ఆపేస్తుంది. లోపల గుడగుడమని చప్పుడు చేస్తూ ఆగితే, పొగలోని ఆవిరి చల్లబడి నీరయ్యాక, ఆ నీరు బయటికి పోయే పైపు పూడిపోయి ఉండొచ్చు, బయట గడ్డకట్టి అయినా ఉండొచ్చు. మాది ఈ రెండూ కాదు. కుళాయికి వేడినీళ్లు ఎంతసేపైనా వచ్చేవి. ఆ ఒక్క జవాబుతోనే ఆయన సగం అనుమానాలు కొట్టేశారు. గ్యాసు, నిప్పురవ్వ, ఫ్యాను, పొగగొట్టం, పంపు రెండు పనులకీ ఒకటే కదా, కుళాయికి పనిచేసినవి రేడియేటర్లకు ఎందుకు మొరాయిస్తాయి?

తర్వాత బాయిలర్ కింద ఉన్న రెండు లావు పైపుల సంగతి అడిగారు. ఒకటి చెయ్యి పెట్టలేనంత వేడి, రెండోది గోరువెచ్చన కూడా కాదు. వెళ్లే నీటికీ తిరిగొచ్చే నీటికీ మామూలుగా 20 డిగ్రీల చుట్టుపక్కల తేడా ఉంటుంది, మాకు అంతకంటే చాలా ఎక్కువుంది. వేడి పైపు కాలుతోందంటే నీళ్లను రేడియేటర్ల వైపు మళ్లించే వాల్వ్ తెరుచుకుంటోందన్నమాట. కానీ వెళ్లిన నీళ్లు తిరిగి రావడమే లేదు. దారిలో ఎక్కడో అడ్డుంది, వేడంతా బాయిలర్‌లోనే పేరుకుని అది తనను తాను ఆపుకుంటోంది. రాత్రి కోడ్ అర్థమైంది. మరి పొద్దుటి కోడ్?

ఇక్కడ మా పక్కింటి అంకుల్‌కి రుణపడ్డాను. హీటింగ్ గురించి తనకేమీ తెలియదంటూనే, "మీ గోడ బయటున్న చిన్న రాగి పైపులోంచి నీళ్లు కారుతున్నాయమ్మా, మీ బాయిలర్ మోగుతున్నప్పుడే కారుతున్నాయి" అన్నారు. ఈ మాట ఫోన్లో చెప్పగానే అన్నయ్యగారు గట్టిగా నవ్వి, "అదీ సంగతి" అన్నారు.

వేడెక్కితే నీరు ఉబ్బుతుంది. 80 డిగ్రీలకు చేరేసరికి సుమారు 3 శాతం పెరుగుతుంది. ఆ పెరుగుదలను ఇముడ్చుకోవడానికి లోపల ఎక్స్‌పాన్షన్ వెసల్ అని ఒక డబ్బా ఉంటుంది. మధ్యలో రబ్బరు పొర, ఒక పక్క గాలి, ఒక పక్క నీళ్లు. ఆ గాలి పోతే ఉబ్బిన నీటికి చోటుండదు. ప్రెషర్ 3 బార్‌కి (బార్ అంటే ప్రెషర్‌ను కొలిచే యూనిట్) ఎగబాకుతుంది, సేఫ్టీ వాల్వ్ తెరుచుకుని అంకుల్ చూసిన ఆ రాగి పైపులోంచి నీళ్లు బయటికి పోతాయి. చల్లారాక ఆ మేరకు ప్రెషర్ పడిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు 1 నుంచి 1.5 బార్ మధ్య నిలవాల్సిన ముల్లు సున్నా దగ్గర కూర్చుంటుంది. మనం కొత్తనీళ్లు నింపుతాం. కొత్తనీటితో పాటు ఆక్సిజన్ లోపలికి వెళ్లి రేడియేటర్ల ఇనుమును తుప్పు పట్టిస్తుంది, ఆ తుప్పు నల్లటి బురదై తిరిగొచ్చే దారిలోని ఫిల్టర్‌ను పూడ్చేస్తుంది. పొంతన లేదన్న రెండు కోడ్‌లకూ మూలం ఆ గాలి పోయిన డబ్బానే. నాకు ఈ గొలుసంతా విన్నాక బాయిలర్ మీద కోపం పోయి ముచ్చటేసింది, నిజం.

మూడో కృతజ్ఞత లైసెన్సు ఉన్న టెక్నీషియన్ తమ్ముడికి. అన్నయ్యగారే పట్టుబట్టారు, మూత విప్పే పని అర్హత ఉన్నవాళ్లదేనని. ఆ అబ్బాయి మా కాగితం చదివాకే పెట్టె తెరిచాడు. అయస్కాంతం ఉన్న ఫిల్టర్ బయటికి తీస్తే కాటుకలా నల్లటి ముద్ద. రేడియేటర్లు కడిగాడు. ముందు నీటి ప్రెషర్ మొత్తం దించి, ఆ తర్వాతే వెసల్‌లో గాలి చూశాడు, నీళ్లుండగా కొలిస్తే నీటి ప్రెషరే కనిపిస్తుందట. రబ్బరు పొర బాగానే ఉంది, గాలి నింపితే సరిపోయింది. సేఫ్టీ వాల్వ్ మాత్రం ఒకసారి కారడం మొదలుపెడితే సరిగా మూసుకోదని కొత్తది వేశాడు. తుప్పు పట్టకుండా మందు కలిపాడు. చివర్లో మీటరు పెట్టి పొగ పరీక్షించి, కార్బన్ మోనాక్సైడ్ అలారం బటన్ నొక్కి చూశాకే సామాను సర్దుకున్నాడు. బోర్డు జోలికి వెళ్లలేదు, అదనంగా ఏదీ అంటగట్టలేదు.

ఇప్పుడు ముల్లు చల్లగా ఉన్నప్పుడు 1.3 దగ్గర, వేడెక్కితే 1.7 దగ్గర ఉంటోంది. వెసల్‌లో గాలి ఎందుకు తగ్గిందో తేలాలంటే కొన్నాళ్లు చూడాలన్నాడు తమ్ముడు, ఏటా సర్వీసింగ్‌లో అది తప్పకుండా కొలవమన్నాడు. అన్నయ్యగారి ప్రశ్నల కాగితం శుభ్రంగా తిరగరాసి ఫ్రిజ్ మీద అంటించాను. కావలసినవాళ్లు అడగండి, ఫొటో తీసి పంపిస్తాను. గ్యాస్ వాసన వస్తే మాత్రం ఆ కాగితంతో పనిలేదు: స్విచ్‌లు ముట్టుకోకుండా, గ్యాస్ వాల్వ్ కట్టేసి, కిటికీలు తెరిచి, బయటికొచ్చి ఎమర్జెన్సీకి ఫోన్ చేయండి.

అన్నయ్యగారూ, అంకుల్, తమ్ముడూ, మీ ముగ్గురికీ మా ఇంటిల్లిపాది తరఫున పేరుపేరునా నమస్కారాలు.