రోగమే కళకు మూలమనడం తగదు

సంపాదకులకు,

అతి ఉత్సాహం, తీవ్రమైన కుంగుబాటు మార్చి మార్చి వచ్చే బైపోలార్ రుగ్మతే కళాకారుల ప్రతిభకు మూలమని కీర్తించే రాతలు తరచుగా కనిపిస్తున్నందున ఈ లేఖ రాస్తున్నాను. ఈ వాదనకు ఎక్కువగా ఉదాహరణగా చూపేది జర్మన్ స్వరకర్త రాబర్ట్ షూమన్‌ను. 1840లో ఆయన 130కి పైగా పాటలకు బాణీలు కట్టారన్నదీ, 1844లో తీవ్రమైన కుంగుబాటుతో దాదాపు ఏమీ రాయలేకపోయారన్నదీ నిజమే. (ఆయనకున్నది ఈ రుగ్మతేనా అన్న విషయంలో నేటికీ ఏకాభిప్రాయం లేదు.) అయితే రాబర్ట్ వైస్‌బర్గ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఆ రచనలను ఏడాదివారీగా పరిశీలించి 1994లో ప్రచురించిన పరిశోధనలో, ఉత్సాహం ఉప్పొంగిన సంవత్సరాల్లో పెరిగింది రచనల సంఖ్యే తప్ప నాణ్యత కాదని తేల్చారు. 1854 ఫిబ్రవరిలో రైన్ నదిలో దూకిన షూమన్‌ను కాపాడగలిగినా, ఆయన చివరి రెండేళ్లకు పైగా బాన్ దగ్గరి మానసిక వైద్యశాలలో గడిపి 46వ ఏట కన్నుమూశారు. కీర్తించేవారు ఈ భాగాన్ని ఒక్క వాక్యంతో దాటేస్తారు. నా బాధ అదే.

మందులు వాడితే సృజన మొద్దుబారుతుందన్న ప్రచారం మరింత ప్రమాదకరం. డెన్మార్క్ వైద్యుడు మోగెన్స్ షౌ, ఈ రుగ్మతకు ఇచ్చే లిథియం అనే మందు వాడుతున్న 24 మంది కళాకారులను విచారించి 1979లో వెల్లడించిన ఫలితాల్లో, 12 మందికి సృజన పెరిగింది, ఆరుగురికి మార్పు లేదు, ఆరుగురికి తగ్గింది. ఆ చివరి ఆరుగురి అనుభవాన్నీ కొట్టిపారేయకూడదు. అటువంటివారు మాత్రలు మానేయకుండా మోతాదు గురించి తమ వైద్యునితో మాట్లాడాలి. ఇకపై ఇటువంటి వ్యాసాల కింద ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలిమానస్ ఉచిత సహాయ నంబరు 14416ను తప్పక ముద్రించవలసిందిగా మనవి.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు, విజయవాడ