ఈ దీపావళికి, కార్తీకానికి మా కొట్టులో ఏమున్నాయి, ఏం లేవు

బెజవాడలో సత్యనారాయణపురం, గాంధీనగర్, కృష్ణలంక వైపు నుంచి ఏటా మా దగ్గర ప్రమిదలు, వత్తులు, నూనె తీసుకునేవాళ్లందరికీ నమస్కారం.

ముందు ధర సంగతి చెప్పేస్తాం. మట్టి ప్రమిదలు డజను నిరుడు 30 రూపాయలు, ఈసారి 40. వానలు వదలకపోవడంతో పచ్చి ప్రమిదలు సరిగ్గా ఆరలేదు. లోపల తడి ఉండగా ఆవంలో పెడితే ఆవిరికి పగిలిపోతాయి. అందుకని కుమ్మరులు ఆగారు, మేమూ తొందరపెట్టలేదు. సరుకు తక్కువ వచ్చింది, ఉన్నది మాత్రం బాగా కాలిన సరుకు. వేలితో కొడితే ఖంగుమంటుంది.

రంగులేసిన ప్రమిదలు ఈ ఏడాది అమ్మడం లేదు. వత్తి ఆనే మూతి దగ్గర ఆ పెయింటు వేడికి మాడి పొగ, కంపు. చూడముచ్చటగా కావాలంటే బయటివైపు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టుకోండి. అదే మనకి అలవాటైన అందం.

కొత్త ప్రమిదని కొన్న రోజే వెలిగిస్తే నూనె చాలావరకు మట్టే తాగేస్తుంది. అది అడుగు నుంచి ఊరి గచ్చు మీద గుండ్రంగా మరక వేస్తుంది. ముందురోజు రాత్రి బకెట్ నీళ్లలో మునిగేలా వేసి, పొద్దున్నే తీసి నీడన బోర్లించండి. పైతడి ఆరితే చాలు, మట్టి లోపలి చెమ్మే నూనెని అడ్డుకుంటుంది. పైన తడి ఉంటే మాత్రం వత్తి చిటపటలాడి కొండెక్కుతుంది. కింద ఇంకో ప్రమిద పెట్టే పద్ధతి మానకండి, గచ్చుకి వేడీ జిడ్డూ తగలవు.

నూనె దగ్గర మా మాట సూటిగా: ‘దీపం నూనె’ పేరుతో వచ్చే కలగలుపు సీసాలు తీసేశాం. అందులో ఏ నూనె ఎంత ఉందో సీసా మీద లేనప్పుడు మీకు ఏమని చెప్పి అమ్మాలి? నువ్వుల నూనె, కొబ్బరినూనె, ఆవునెయ్యి మాత్రమే ఉన్నాయి. చిన్న ప్రమిదకి 15 మిల్లీలీటర్లు, అంటే మూడు చిన్న చెంచాలు పోస్తే సన్న వత్తితో గంటన్నర పైనే వెలుగుతుంది. పొగ చూరుతుంటే నూనెని అనుమానించే ముందు వత్తి చూడండి. కొన మూతి దాటి గోరంత ఉండాలి. ఎక్కువ లాగితే మంట పెద్దదై మసి పడుతుంది.

వత్తులు ఎక్కడ కొన్నా ఒకటి పొడిగా కాల్చి చూడండి. నూలుదైతే కాగితం కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ల మధ్య పొడి అయిపోతుంది. పాలిస్టర్ కలిస్తే నల్లగా కరిగి, చల్లారాక గట్టి పూసలా మిగులుతుంది. పిల్లలు గోగు కర్రలకి కట్టి దివ్వెలు కొట్టే గుడ్డకీ ఇదే పరీక్ష. పాత నూలు పంచె చించి కట్టండి, నైలాన్ చీర ముక్క వద్దే వద్దు. కరిగి చేతి మీద పడితే అంటుకుపోతుంది. గోగు కర్రలు పండగ ముందురోజు తెప్పిస్తున్నాం.

అపార్ట్‌మెంట్లవాళ్లు, వీధంతా కలిసి దీపాలు పెట్టేవాళ్లు 500 దీపాలకి ఎంత సరుకు కావాలని అడుగుతున్నారు. పగిలేవాటితో కలిపి 525 ప్రమిదలు, 7.5 లీటర్ల నూనె, జంట వత్తులు కాబట్టి 1,000 వత్తులు. కింద జోడు ప్రమిద పెడితే ప్రమిదలు రెట్టింపు. వత్తుల్ని గంట ముందే నూనెలో నానబెట్టండి. మూతకి చిల్లు పెట్టిన వాటర్ బాటిల్‌తో పోస్తే ఒలకదు. ఒకరిద్దరే వెలిగిస్తూ పోతే చివరి వరసకి వచ్చేసరికి మొదటి వరస అయిపోవస్తుంది. 10 మంది తలా 50 వెలిగించండి, అందరి చెయ్యీ పడినట్టూ ఉంటుంది. దీపానికీ దీపానికీ జానెడు ఎడం చాలు. మెట్ల మీద మధ్యలో పెట్టకండి, గోడవారగా పెట్టండి. నూనె ఒలికితే వెంటనే శనగపిండి చల్లి తుడవండి, లేకపోతే పెద్దవాళ్లు జారిపడతారు. బళ్లు పెట్టే సెల్లార్‌లో దీపాలు అసలు వద్దు.

దీపావళి మర్నాటి నుంచో ఆ పై రోజు నుంచో, పాడ్యమిని బట్టి, కార్తీకం. పువ్వొత్తులు రెండు రకాలున్నాయి: నెయ్యివి, వనస్పతివి. డబ్బాల మీద విడిగా రాశాం, ధరలోనూ తేడా ఉంది. మన బెజవాడ ఎండకి నెయ్యివి కరుగుతాయి, ఇంటికి తీసుకెళ్లగానే ఫ్రిజ్‌లో పెట్టండి.

పౌర్ణమికి వెలిగించే 365 వత్తుల కట్ట ముందురోజే నేతిలో నానాలి. అప్పటికప్పుడు పైన నెయ్యి పోసి వెలిగిస్తే పైపొర మాడుతుంది, లోపలివి అంటుకోవు. మంట జానెడు పైనే లేస్తుంది కాబట్టి చిన్న ప్రమిద ఆ వేడికి పగులుతుంది. వెడల్పాటి మూకుడు వాడండి, చీర కొంగు దోపుకోండి, పైన తోరణాలు లేని చోటు చూసుకోండి. ఉసిరి దీపానికి కాయ అడుగు కొద్దిగా చెక్కితే దొర్లదు. పైన గింజ తగిలేదాకా తొలిస్తే పువ్వొత్తి కుదురుగా నిలుస్తుంది.

ఆకాశదీపం పెట్టే గుళ్లకి లావు వత్తులు వేరే చేయించాం. పాత్రలో నూనె సగానికే పోయండి. ధ్వజస్తంభం మీదికి లాగేటప్పుడు ఊగి ఒలికేది నిండా పోసినప్పుడే.

పోలి పాడ్యమికి అరటి దొప్పలు, 30 వత్తుల కట్టలు ముందుగా చెప్పినవాళ్లకే ఇవ్వగలం, ఎందుకంటే దొప్ప రెండు రోజులు దాటితే నల్లబడి ముడుచుకుపోతుంది. కార్తీక అమావాస్యకి మూడు రోజుల ముందు కొట్టు దగ్గర పేరు రాయించండి. అమావాస్య సాయంత్రం ఇస్తాం, తడి గోనెగుడ్డలో చుట్టి ఉంచండి. థర్మోకోల్ ప్లేట్లు అడగొద్దు, తెప్పించం. అవి కృష్ణలో కరగవు, మర్నాడు ఘాట్ మెట్లకి కొట్టుకొచ్చి చేరతాయి.