పుల్‌మన్‌ను వదిలేయని చట్టం కావాలి: సెనేటర్ మరియా కాంట్‌వెల్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన సెనేటర్ మరియా కాంట్‌వెల్ గారికి,

నమస్కారం. నేను మీ రాష్ట్రంలో ఓటరును. పుల్‌మన్‌లోని వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో ఎమ్మెస్ చేశాను, ఇప్పుడు సీటెల్ పక్కన బోథెల్‌లో ఉంటున్నాను. కాలేజీ క్రీడల మీద సెనేట్ వాణిజ్య కమిటీలో మీరు చేస్తున్న పని గురించి ఈ ఉత్తరం. దీన్ని తెలుగులో రాయడానికి కారణం ఉంది. ఈ రాష్ట్రంలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల పిల్లలు ఇక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో చదువుతున్నారు. కొందరు ఈతలో, టెన్నిస్‌లో, పరుగులో స్కాలర్‌షిప్ తెచ్చుకోవాలని తెల్లవారుజామునే లేచి ప్రాక్టీసుకు వెళ్తున్నారు. అమెరికన్ ఫుట్‌బాల్ గొడవ మనకెందుకులే అనుకునే వాళ్ల అమ్మానాన్నలు కూడా ఇది చదవాలని నా కోరిక. ఇంగ్లీషు ప్రతిని మీ కార్యాలయానికి విడిగా పంపుతున్నాను.

2023 ఆగస్టు 4 శుక్రవారం. పశ్చిమ అమెరికా యూనివర్సిటీల జట్లు కలిసి ఆడే పాక్-12 కాన్ఫరెన్స్ (అంటే లీగ్) నుంచి ఒక్క రోజులో అయిదు యూనివర్సిటీలు వెళ్లిపోతున్నట్టు ప్రకటించాయి. సీటెల్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ, ఒరెగాన్ బిగ్ టెన్ అనే కాన్ఫరెన్స్‌కు, అరిజోనా, అరిజోనా స్టేట్, యూటా బిగ్ 12 అనే మరోదానికి. అంతకు ముందు ఏడాదే యూఎస్‌సీ, యూసీఎల్ఏ బిగ్ టెన్ దారి పట్టాయి. కొలరాడో జూలైలో వెళ్లింది. సెప్టెంబరు 1న స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ కూడా అట్లాంటిక్ తీరపు కాన్ఫరెన్స్ ఏసీసీలో చేరాయి. పన్నెండులో మిగిలినవి రెండే రెండు: కొర్వాలిస్‌లోని ఒరెగాన్ స్టేట్, పుల్‌మన్‌లోని మేము.

1915లో పోర్ట్‌లాండ్‌లో నాలుగు యూనివర్సిటీలు కూర్చుని మొదలుపెట్టిన కూటమి అది. వాషింగ్టన్ స్టేట్ 1917లో చేరింది. 1959లో ఒకసారి చీలిపోయి కొత్త పేరుతో మళ్లీ మొదలైనప్పుడు మమ్మల్ని మూడేళ్లు బయటే ఉంచారు, 1962లో లోపలికి తీసుకున్నారు. కాబట్టి పక్కన పెట్టడం ఏమిటో మా యూనివర్సిటీకి కొత్త కాదు. కానీ ఈసారి తిరిగి పిలవడానికి అవతల ఎవరూ మిగల్లేదు.

ఆట బాగోలేక ఇలా జరిగిందా అంటే కాదు. ఆ సీజన్లోనే వాషింగ్టన్ జట్టు ఓటమి లేకుండా జాతీయ ఫైనల్‌కు వెళ్లింది. దిక్కులేనివాళ్లుగా మిగిలిన మా రెండు జట్లూ 2023 సెప్టెంబరు 23న పుల్‌మన్‌లో తలపడ్డప్పుడు రెండూ దేశంలోని మొదటి పాతిక జట్లలో ఉన్నాయి. 38-35తో మేం గెలిచాం. ఇంత ఆట ఆడినా నిలవలేని ఏర్పాటులో లోపం మైదానంలో లేదు, టీవీ ఒప్పందాల్లో ఉంది.

ఆ లోపం ఎక్కడ మొదలైందో మీకు తెలుసు. పాఠకుల కోసం చెబుతాను. 1961లో వృత్తి ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లన్నీ కలిసి ఒకే మూటగా టీవీ హక్కులు అమ్ముకోవడం గుత్తాధిపత్యాన్ని అడ్డుకునే పోటీ చట్టానికి విరుద్ధమని ఓ ఫెడరల్ జడ్జి అన్నారు. వెంటనే కాంగ్రెస్ క్రీడా ప్రసారాల చట్టం చేసింది, సెప్టెంబరు 30న అధ్యక్షుడు కెనెడీ సంతకం పెట్టారు. ఆ చట్టం పుణ్యమా అని విస్కాన్సిన్‌లో లక్ష జనాభా ఉన్న గ్రీన్ బే జట్టుకు జాతీయ టీవీ సొమ్ములో న్యూయార్క్ జట్టుతో సమానమైన వాటా వస్తోంది. ఊరు చిన్నదని ఎవరూ దాన్ని లీగ్ నుంచి తోసెయ్యలేదు. అరవై ఏళ్లుగా ఆ జట్టు పెద్ద నగరాలతో పోటీపడి కప్పులు గెలుస్తూనే ఉంది.

అదే రక్షణ కాలేజీలకు ఇవ్వలేదు. అప్పట్లో ఆ అవసరమూ కనబడలేదు. కాలేజీ మ్యాచ్‌ల ప్రసారం కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ చేతిలో ఉండేది, ఒక జట్టును రెండేళ్లలో ఆరుసార్లకు మించి టీవీలో చూపించకూడదని నియమం. ఓక్లహోమా, జార్జియా యూనివర్సిటీలు దాని మీద కోర్టుకెక్కాయి. 1984లో సుప్రీంకోర్టు 7-2 తేడాతో ఎన్‌సీఏఏ పెత్తనాన్ని కొట్టేసింది. విభేదించిన ఇద్దరిలో ఒకరు జస్టిస్ బైరన్ వైట్. ఆయన స్వయంగా కొలరాడో యూనివర్సిటీ ఫుట్‌బాల్ వీరుడు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆడినవాడు. చదువుకూ ఆటకూ ఉన్న ముడిని డబ్బు తెంపేస్తుందన్నది ఆయన ఆందోళన. ఆ పాత నియమం మంచిదని నేను అనను, అది నిజంగానే గుత్తాధిపత్యం. కానీ దాన్ని తీసేశాక ఆ చోట ఏమీ పెట్టలేదు. అందరూ కలిసి అమ్ముకోవడానికి చట్టం ఒప్పుకోదు, విడివిడిగా అమ్ముకుంటే బలమున్నవాడిదే రాజ్యం. నలభై ఏళ్లుగా కాన్ఫరెన్సులు ఒకదాని సభ్యుల్ని ఒకటి లాక్కోవడానికి మూలం ఇదే.

ఆ లాగుడు ఎక్కడిదాకా వచ్చిందో చూడండి. 2022లో బిగ్ టెన్ ఏడేళ్లకు 700 కోట్ల డాలర్లకు పైబడిన ఒప్పందం చేసుకుంది. టెక్సస్, ఓక్లహోమా బిగ్ 12ను వదిలి ఆగ్నేయ రాష్ట్రాల కాన్ఫరెన్స్ ఎస్ఈసీకి వెళ్లాయి. టీవీ సంస్థ ఈఎస్‌పీఎన్ జాతీయ విజేతను తేల్చే ప్లేఆఫ్ మ్యాచ్‌ల హక్కులను 2031-32 సీజన్ వరకు 780 కోట్ల డాలర్లకు తీసుకుంది. 2026 నుంచి ఆ ప్లేఆఫ్ సొమ్ములో సగానికి పైగా, సుమారు 58 శాతం, బిగ్ టెన్, ఎస్ఈసీలవే. మిగతా దేశమంతా మిగిలినది పంచుకోవాలి.

వెళ్లినవాళ్లయినా మహారాజుల్లా వెళ్లారా అంటే అదీ లేదు. వాషింగ్టన్, ఒరెగాన్ బిగ్ టెన్‌లో మిగతా సభ్యులకు వచ్చేదాంట్లో దాదాపు సగం వాటాకే ఒప్పుకున్నాయి. స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ ఏసీసీలో ఏడేళ్లపాటు 30 శాతం టీవీ వాటాకు సరేనన్నాయి. పారిస్ ఒలింపిక్స్‌లో స్టాన్‌ఫర్డ్‌తో సంబంధమున్న క్రీడాకారులు 39 పతకాలు తెచ్చారు. ఒక దేశం పేరుతో వెళ్లినా గర్వంగా చెప్పుకునే లెక్క అది. అలాంటి చోట ఈతగాళ్లు, వాలీబాల్ అమ్మాయిలు ఇప్పుడు పసిఫిక్ ఒడ్డు నుంచి బోస్టన్‌కూ మయామీకీ వెళ్లి లీగ్ మ్యాచ్‌లు ఆడాలి. లాస్ ఏంజిలిస్ నుంచి న్యూజెర్సీలోని రట్‌గర్స్‌కు దాదాపు నాలుగు వేల కిలోమీటర్లు. ఫుట్‌బాల్ జట్టు సీజన్లో ఇలాంటి దూరాలు కొన్నిసార్లే వెళ్తుంది, అదీ చార్టర్డ్ విమానంలో, శనివారం మ్యాచ్‌కు. వాలీబాల్, సాఫ్ట్‌బాల్, సాకర్ జట్లకు మ్యాచ్‌లు ఎక్కువ, వారం మధ్యలోనూ పడతాయి. మూడు టైమ్ జోన్లు దాటి వచ్చిన పిల్ల మర్నాడు పొద్దున ఆర్గానిక్ కెమిస్ట్రీ పరీక్ష రాయాలి. ఫుట్‌బాల్ కోసం కుదిరిన ఒప్పందం బరువు ఫుట్‌బాల్ ఆడనివాళ్ల మీద పడింది. ఈ ఉత్తరంలో నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే.

పుల్‌మన్ సంగతికొస్తాను. గోధుమ కొండల మధ్య 33 వేల మంది ఉండే ఊరు. స్టేడియం నిండితే ఊరి జనాభా అంత మంది లోపల ఉంటారు. సీటెల్ నుంచి అయిదు గంటల దారి. హోటళ్లు, రెస్టారెంట్లు, చివరికి యూనివర్సిటీ డెయిరీలో డబ్బాల్లో అమ్మే కూగర్ గోల్డ్ చీజ్ కూడా ఆ ఆరేడు శనివారాల మీద ఎంత ఆధారపడతాయో అక్కడ ఒక్క శరదృతువు గడిపినవాళ్లకు తెలుస్తుంది. మా దగ్గర మెరిసిన క్వార్టర్‌బ్యాక్ (జట్టు దాడిని నడిపే ఆటగాడు) కామ్ వార్డ్ 2023 సీజన్ తర్వాత మయామీకి వెళ్లి, 2025లో ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో దేశంలోనే మొదటి ఎంపిక అయ్యాడు. 2024 సీజన్ తర్వాత మా మరో క్వార్టర్‌బ్యాక్ జాన్ మటీర్ ఓక్లహోమాకు, కోచ్ జేక్ డికర్ట్ వేక్ ఫారెస్ట్‌కు. వాళ్లను నేను తప్పుపట్టను. ఆటగాడికి తన విలువ తాను అడిగే హక్కు ఉంది. దశాబ్దాల పాటు ఆ హక్కు ఇవ్వకపోవడమే అన్యాయం. ఆటగాళ్లు వేసిన కేసులో 2025 జూన్‌లో జడ్జి క్లాడియా విల్కెన్ ఆమోదించిన రాజీ ఒప్పందం ప్రకారం పాత ఆటగాళ్లకు 280 కోట్ల డాలర్లు చెల్లించాలి, యూనివర్సిటీలు ఆటగాళ్లకు నేరుగా డబ్బు ఇవ్వొచ్చు, 2025-26లో సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా. ఇది సబబే. కానీ టీవీ సొమ్ము అందని యూనివర్సిటీ ఆ డబ్బు ఎక్కణ్ణుంచి తేవాలి?

ఎక్కణ్ణుంచి తెస్తారో 2025లోనే చూశాం. మా యూనివర్సిటీ ట్రాక్ అండ్ ఫీల్డ్‌లో దూకే, విసిరే పోటీలను ఎత్తేసి, దూరపు పరుగులకే పరిమితమైంది. కెన్యా నుంచి వచ్చి మా యూనివర్సిటీలో చదువుతూ 1978లో 81 రోజుల్లో నాలుగు ప్రపంచ రికార్డులు బద్దలుకొట్టిన హెన్రీ రోనో ఆ ట్రాక్ జట్టువాడే. విదేశం నుంచి చదువుకోవడానికి పుల్‌మన్ వచ్చిన మాలాంటివాళ్లకు ఆ పేరు చాలా దగ్గరిది. ఎక్కడో పుట్టినవాణ్ణి తనవాణ్ణి చేసుకున్న ఊరు అది.

ఆపిల్ కప్ గురించి కూడా చెప్పాలి. వాషింగ్టన్, వాషింగ్టన్ స్టేట్ జట్లు 1900 నుంచి తలపడుతున్నాయి. నవంబరు చివర, థాంక్స్‌గివింగ్ వారంలో జరిగే ఈ మ్యాచ్‌కు ఈ రాష్ట్రంలోని ఇళ్లు రెండుగా చీలిపోయేవి, అన్నది ఓ జట్టు, చెల్లెలిది ఇంకో జట్టు. 1992లో మంచు కురుస్తుండగా మా క్వార్టర్‌బ్యాక్ డ్రూ బ్లెడ్‌సో వాషింగ్టన్‌ను 42-23తో ఓడించిన మ్యాచ్ గురించి పుల్‌మన్‌లో ఇప్పటికీ నిన్న జరిగినట్టు చెబుతారు. 2024, 2025లలో ఆ మ్యాచ్ సెప్టెంబరుకు జరిగింది. ఆట ఆగలేదు, అందుకు ఇరువైపులా కృషి చేసినవారికి కృతజ్ఞతలు. కానీ సీజన్ మొత్తం దేనికోసం ఎదురుచూసేదో ఆ ఆఖరి వారం పోయింది. టీవీ సంస్థలు కోట్లు పోసి కొంటున్నది ఇలాంటి పాత పోటీల మీద జనానికున్న ప్రేమనే. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకుంటూ ఆ చెట్టునే నరికేస్తున్నారు.

ఇక మీ బిల్లు. సెనేటర్లు కోరీ బుకర్, రిచర్డ్ బ్లూమెంథాల్‌లతో కలిసి 2025 సెప్టెంబరులో మీరు ప్రవేశపెట్టిన బిల్లు 1961 చట్టాన్ని సవరించి, కాలేజీలు టీవీ హక్కులను కలిపి అమ్ముకునే వీలు కల్పిస్తుంది. మహిళల క్రీడలనూ ఒలింపిక్ క్రీడలనూ కాపాడాలంటుంది. దిశ సరైనదే. దీనికోసం మీకు మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు చెబుతున్నాను. కానీ అనుమతి ఒక్కటే చాలదు. కలిసి అమ్ముకోవచ్చు అని చట్టం చెప్పినంత మాత్రాన, 58 శాతం అనుభవిస్తున్న రెండు కాన్ఫరెన్సులు ఆ పంక్తిలో ఎందుకు కూర్చుంటాయి?

కూర్చోబెట్టే ఉపాయం కాంగ్రెస్ చేతిలోనే ఉంది. ఎన్‌సీఏఏకూ పెద్ద కాన్ఫరెన్సులకూ ఇప్పుడు కాంగ్రెస్ నుంచి కావలసింది ఒకటుంది: పోటీ చట్టం కింద కేసుల నుంచి రక్షణ. ప్రతినిధుల సభలో స్కోర్ బిల్లు ఇవ్వజూపుతున్నది అదే, దానితోపాటు ఆటగాళ్లను ఉద్యోగులుగా గుర్తించకూడదన్న నిబంధన కూడా. దాన్ని మీరు వ్యతిరేకించడం న్యాయం. నా విన్నపం ఏమిటంటే, ఎప్పుడైనా బేరం కుదిరే రోజు వస్తే, ఉమ్మడి అమ్మకంలో చేరని కాన్ఫరెన్సుకు ఏ రక్షణా దొరకకూడదు. చేరినవాటికి గ్రీన్ బేకు దక్కినట్టు ఓ కనీస వాటా చట్టంలోనే రాసిపెట్టాలి. ఎన్‌ఎఫ్‌ఎల్‌కు 1961లో కాంగ్రెస్ ఉచితంగా ఇచ్చినదాన్ని ఇప్పుడు షరతు పెట్టి ఇవ్వమంటున్నాను.

రెండో విన్నపం, ఫుట్‌బాల్‌ను మిగతా ఆటల నుంచి విడదీయండి. ఫుట్‌బాల్ దేశమంతా తిరిగే వ్యాపారమైపోయింది. దాన్ని అలాగే ఒప్పుకుని, జాతీయ స్థాయిలో వేరే లీగ్‌గా నడపనివ్వండి. ఈత, సాఫ్ట్‌బాల్, టెన్నిస్, ట్రాక్ మాత్రం ఇరుగుపొరుగు యూనివర్సిటీలతో, బస్సులో వెళ్లి రాగల దూరంలో ఆడాలి. సీటెల్ అమ్మాయి పుల్‌మన్‌లో, కొర్వాలిస్‌లో, యూజీన్‌లో ఆడితే ఖర్చూ తగ్గుతుంది, క్లాసులూ పోవు. 2026 జూలై 1 నుంచి బాయిసీ స్టేట్, ఫ్రెస్నో స్టేట్, శాన్ డియేగో స్టేట్, గొంజాగా తదితరులతో కొత్త పాక్-12 మొదలవుతోంది. చిన్న ఆటలు ఇంటికి తిరిగి రావాలనుకుంటే చేరడానికి పక్కనే ఒక గూడు ఉంది.

మీరు సీటెల్‌కూ పుల్‌మన్‌కూ ఒకే సెనేటర్. వాషింగ్టన్ యూనివర్సిటీ బిగ్ టెన్‌కు వెళ్లి తన బాగు తాను చూసుకోవడం దాని పెద్దలకు తప్పనిసరి అనిపించి ఉండొచ్చు. అయితే రెండూ ఇదే రాష్ట్ర ప్రజల యూనివర్సిటీలు. కాలిఫోర్నియాలో ప్రభుత్వ యూనివర్సిటీని నడిపే పాలకమండలి సభ్యులైన రీజెంట్లు యూసీఎల్ఏ చేత బర్క్‌లీకి ఏడాదికి కోటి డాలర్లు ఇప్పించాలని నిర్ణయించారు, ఎందుకంటే రెండూ తమవే. పుల్‌మన్‌కు అలా అడిగే నాథుడు లేకపోయాడు. పుల్‌మన్ ఉన్న విట్‌మన్ కౌంటీలోని కోర్టుకు వెళ్లి పాక్-12 కాన్ఫరెన్స్ మీద హక్కు నిలబెట్టుకోవలసి వచ్చింది.

చివరిగా ఒక కోరిక. ఈ బిల్లు మీద వాణిజ్య కమిటీ సభ్యులుగా మీరు పుల్‌మన్‌లో ఒక బహిరంగ విచారణ పెట్టండి. కాన్ఫరెన్స్ కమిషనర్లు వాషింగ్టన్ డీసీలో ఇప్పటికే చాలా మాట్లాడారు. పుల్‌మన్‌లో మాట్లాడాల్సింది పోటీ ఎత్తేయడంతో ఆగిపోయిన లాంగ్ జంపర్లు, వారం మధ్యలో దేశం దాటి వెళ్లే వాలీబాల్ ఆటగాళ్లు, శనివారాల మీద బతికే దుకాణదారులు. తేదీ ప్రకటిస్తే బోథెల్ నుంచి, సమ్మామిష్ నుంచి మా తెలుగు పూర్వ విద్యార్థులను నేను వెంటబెట్టుకుని వస్తాను.

భవదీయుడు,
పుల్‌మన్ పూర్వ విద్యార్థి, మీ ఓటరు
బోథెల్, వాషింగ్టన్ రాష్ట్రం