డిగ్రీలోనే నేర్పండి

సంపాదకులకు,

నేను బీఏ సైకాలజీ చివరి సంవత్సరం చదువుతున్నాను. మనిషి మానసిక ఎదుగుదల గురించి పియాజే, ఎరిక్‌సన్ అనే మనస్తత్వవేత్తలు చెప్పిన దశలన్నీ నాకు కంఠతా వచ్చు. కానీ పద్నాలుగేళ్ల పిల్ల రోజూ కడుపునొప్పి అంటూ బడి మానేస్తుంటే, దాని వెనుక ఆందోళన ఉండొచ్చని ఎలా గుర్తుపట్టాలో, ఆమెతో మాట ఎలా కలపాలో మాకు నేర్పలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో మేముండే హాస్టల్ నిండా ఇంటర్ పిల్లలే. సైకాలజీ చదువుతున్నానని తెలిసి, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదక్కా అంటూ నా దగ్గరికొస్తారు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయమని చెబుతుంటాను. అలాంటిది ఒకటుందనే వాళ్లలో చాలామందికి తెలియదు.

మానసిక సమస్యల్లో మూడో వంతు 14 ఏళ్లలోపే, సగం 18 ఏళ్లలోపే మొదలవుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న విద్యాసంస్థల్లో కౌన్సిలర్ ఉండాలని 2025లో సుప్రీంకోర్టు చెప్పింది. మరి అంతమంది ఎక్కడి నుంచి వస్తారు? పీజీలో నేర్చుకోవచ్చులే అంటారు. మా క్లాసులో ఎక్కువమంది బీఈడీ చేసి నేరుగా బడుల్లోకి వెళ్లేవాళ్లే.

మేం వైద్యం చేస్తామనడం లేదు. గుర్తించడం, వినడం, సరైన చోటికి పంపడం వస్తే చాలు. అందుకు ఒక సెమిస్టర్ పేపర్ పెట్టి, ఎర్రగడ్డ మానసిక వైద్యశాల డాక్టర్లతో పాఠాలు చెప్పించాలని, ప్రభుత్వ బడుల్లో ఫీల్డ్‌వర్క్ ఇప్పించాలని యూనివర్సిటీలను కోరుతున్నాను.

– ఒక డిగ్రీ విద్యార్థిని, హైదరాబాద్