ఊరిని అడగకుండానే జట్టును పంపేశారు

గౌరవనీయ సంపాదకులకు,

అమెరికాలో బేస్‌బాల్ మైనర్ లీగ్ (అగ్రశ్రేణి మేజర్ లీగ్‌కు దిగువ స్థాయి పోటీలు) జట్ల గురించి చర్చ వచ్చినప్పుడల్లా మా ఆరెగన్‌లో 1973 నుంచి 1977 వరకు అయిదు సీజన్లే ఆడిన పోర్ట్‌లాండ్ మావరిక్స్ చరిత్రను గుర్తుచేయాలనిపిస్తుంది.

జనం రావడం లేదని 1972 సీజన్ తర్వాత పసిఫిక్ కోస్ట్ లీగ్‌లో ఆడే పాత జట్టు బీవర్స్ స్పోకేన్ నగరానికి తరలిపోయింది. బోసిపోయిన ఆ స్టేడియంలోకి టీవీ నటుడు బింగ్ రస్సెల్ కింది స్థాయి నార్త్‌వెస్ట్ లీగ్ జట్టును తెచ్చాడు. దానికి ఏ మేజర్ లీగ్ జట్టు అండా లేదు. ఎవరైనా రావచ్చని ప్రకటించి ఎంపికలు జరిపాడు. ఇతరులు వద్దనుకున్నవారికీ, వయసు మీరిందని ఇంటికి పంపినవారికీ చోటిచ్చాడు. మేజర్ లీగ్ జట్టు న్యూయార్క్ యాంకీస్ మాజీ పిచర్ (బంతి విసిరే ఆటగాడు) జిమ్ బౌటన్ మళ్లీ బంతి పట్టింది ఇక్కడే. 1977లో జట్టు 44 మ్యాచ్‌లు గెలిచి 22 ఓడింది. సొంత మైదానంలో ఆడిన 33 మ్యాచ్‌లకు లక్షా పాతిక వేల మందికి పైగా వచ్చారు! ఫైనల్లో బెల్లింగ్‌హామ్ చేతిలో ఓడిపోయినా ఊరంతా వాళ్ల వెంటే ఉంది.

ఆ జనాన్ని చూశాకే పై స్థాయి పసిఫిక్ కోస్ట్ లీగ్‌కు పోర్ట్‌లాండ్ మళ్లీ కావలసి వచ్చింది. నిబంధనల ప్రకారం కింది స్థాయి జట్టు పరిహారం తీసుకుని తప్పుకోవాలి. 26 వేల డాలర్లు ఇస్తామన్నారు. రస్సెల్ పోరాడి, మధ్యవర్తుల తీర్పుతో 2 లక్షల 6 వేలు రాబట్టాడు. జట్టు మాత్రం మిగలలేదు. అయిదేళ్లు టికెట్లు కొని దాన్ని నిలబెట్టిన ప్రజలను ఎవరూ ఒక్క మాట అడగలేదు.

ఇంతటి పెత్తనం ఎలా సాధ్యం? గుత్తాధిపత్య నిరోధక చట్టాలు బేస్‌బాల్‌కు వర్తించవని 1922లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. 1998లో కాంగ్రెస్ (అమెరికా చట్టసభ) చేసిన సవరణ మేజర్ లీగ్ ఆటగాళ్లకే పరిమితమైంది, మైనర్ లీగ్‌లను తాకలేదు. 2021 సీజన్‌కు మేజర్ లీగ్ తన అనుబంధ జట్లను 160 నుంచి 120కి కుదించినప్పుడు మా పొరుగున ఉన్న సేలం-కైజర్ జట్టు కూడా ఆ హోదా కోల్పోయింది.

ఈ మినహాయింపును కాంగ్రెస్ రద్దు చేయగలదు. ఇక్కడ ఓటు హక్కున్న తెలుగువారు తక్కువేమీ కాదు. ఎన్నికల వేళ మన సంఘాల సభలకు వచ్చే అభ్యర్థులను దీనిపై వారి వైఖరి ఏమిటో సూటిగా అడగాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
హిల్స్‌బరో, ఆరెగన్