కచ్ అంటే తెల్ల ఎడారి ఒక్కటే కాదండీ

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ అనుబంధంలో గుజరాత్ లోని కచ్ గురించి వేసిన ట్రావెల్ వ్యాసం చదివాను, ఫోటోలు చాలా బాగున్నాయి, కానీ పేజీ మొత్తం తెల్ల రణ్ అనే ఉప్పు ఎడారి, పున్నమి వెన్నెల, ధోర్డో ఊళ్ళో టూరిస్టుల టెంట్లు, ఒంటె బండ్లే, అక్కడ బతికే మనుషుల గురించి నాలుగు లైన్లు కూడా లేవు, అది మనసులో పెట్టుకుని ఉండలేక రాస్తున్నా.

మేము కూడా జనవరిలో వెళ్ళొచ్చాం, నేను, మావారు, మా వదిన. అహ్మదాబాద్ దాకా రైలు, అక్కడ్నుంచి భుజ్, తర్వాత అంతా ప్యాకేజీ వాళ్ళ బండి. రణ్ బాగుంటుంది, కాదనను, వెన్నెల్లో ఆ ఉప్పు మీద నడుస్తుంటే కాళ్ళ కింద కరకరమంటుంది. కాలా డుంగర్ కొండ మీద దత్తాత్రేయుడి గుడి ఉంది, అక్కడ నక్కలకి అన్నం ప్రసాదం పెడతారు, ఏటా దత్తక్షేత్రం పిఠాపురం వెళ్ళే మా వదిన అయితే అక్కడ్నుంచి కదల్లేదు.

తర్వాత బండి ఒక షాపు ముందు ఆపారు, అజ్రక్ అని అక్కడి అచ్చు అద్దకం దుపట్టాలు, చేత్తో అద్దినవి అన్నారు, 450 చొప్పున మూడు తీసుకున్నాం. మాది పెడన, మా మేనమామ నలభై ఏళ్ళు కలంకారీ అద్దకం పని చేశాడు, అయినా ఆ హడావిడిలో నిజంగా చేత్తో అద్దిందేనా అని నేను బట్ట తిరగేసి చూడలేదు. అరగంటలో మళ్ళీ బండెక్కించేశారు.

మర్నాడు ప్యాకేజీలో ఇంకేదో ఉంటే మానేసి మేమే ఆటో మాట్లాడుకుని అజ్రక్‌పూర్ వెళ్ళాం, భుజ్ కి దగ్గరే. బట్ట పేరు మీద వెలిసిన ఊరండీ అది. ఖత్రీలు అని, తరతరాల కిందట సింధ్ నుంచి వచ్చిన అద్దకం వాళ్ళు, ముందు ధమడ్కా అనే ఊళ్ళో ఉండేవాళ్ళు, 2001 జనవరి 26 భూకంపం తర్వాత అక్కడ నీళ్ళలో ఇనుము ఎక్కువైపోయి రంగులు సరిగ్గా రాకుండా పోయాయి, ఇళ్ళు కూలిపోయాయి సరే, నీళ్ళు కూడా పాడైపోతే అద్దకం వాళ్ళకి ఇంకేం మిగుల్తుంది, అందుకని చాలా కుటుంబాలు ఇటొచ్చి కొత్తగా స్థలం కొనుక్కుని ఊరు కట్టుకున్నాయి. కొందరు ధమడ్కాలోనే ఉండిపోయి అక్కడే పని చేస్తున్నారు.

ఒక ఇంటి పెరట్లోకి అడుగు పెట్టగానే వాసన తగిలింది. పులిసిన బెల్లం, తుప్పు కలిసిన వాసన. నాకు ఒక్కసారిగా మా మావయ్య పెరడు గుర్తొచ్చి నిలబడిపోయాను. మూలనున్న డ్రమ్ము మూత తీసి చూపించారు, పాత ఇనప ముక్కలు, బెల్లం నీళ్ళు, పైన నురగ, అచ్చం మన కసిం! నలుపు రంగుకి పెడనలో మనవాళ్ళు చేసేదీ అదే. బట్టకి ముందు కరక్కాయ పట్టించడం అక్కడా ఉంది, ఎరుపుకి పటిక అక్కడా ఉంది. వాళ్ళు సున్నం, జిగురు కలిపి అచ్చుతో అద్ది ఆ భాగానికి రంగు పట్టకుండా ఆపుతారు, తర్వాత నీలిమందు తొట్టెలో ముంచుతారు, పైకి తీసినప్పుడు ఆకుపచ్చగా ఉండి గాలి తగిలేకొద్దీ కళ్ళ ముందే నీలం అవుతుంది. ఉతకడం, ఆరేయడం, మళ్ళీ అద్దడం, ఒక్క బట్టకి పదిహేను దాకా దశలు, వారాలు పడుతుంది.

అక్కడున్న పెద్దాయనకి నా దుపట్టా చూపించాను. తిరగేసి చూసి, "బేటీ, యే మషీన్ కా హై" (అమ్మా, ఇది మెషీన్‌ది) అని మెల్లగా అన్నారు, తిట్టలేదు, తనది కొనమనీ అనలేదు. తన బట్ట పక్కన పెట్టి, అందులో అచ్చు మీద అచ్చు పడిన చోట చేతిపనికి గుర్తుగా ఉన్న వెంట్రుకవాసి తేడా వేలుతో చూపించారు. నాకు ఏడుపొచ్చినంత పనయ్యింది ఎందుకంటే పెడనలో కూడా ఇదే గోస, స్క్రీన్ ప్రింట్ వేసి కలంకారీ అని అమ్మేస్తుంటే చేత్తో అద్దేవాళ్ళకి కూలి గిట్టక పిల్లలు వేరే పనుల్లోకి పోతున్నారు.

అజ్రక్‌పూర్‌లోనే ఎల్‌ఎల్‌డీసీ (లివింగ్ అండ్ లెర్నింగ్ డిజైన్ సెంటర్) అని కుట్టుపనుల మ్యూజియం ఉంది, రబారీ, ఆహిర్ కులాల ఆడవాళ్ళ అద్దాల పని చూడ్డానికి పూట చాలదు. భుజోడీ ఊళ్ళో మగ్గాలు, నిరోణా ఊళ్ళో ఆముదం కాచి ఇనప పుల్లతో బట్ట మీద గీసే రోగన్ పని, ఇవన్నీ భుజ్ నుంచి వెళ్ళి సాయంత్రానికి వచ్చేయగలిగేంత దూరమే.

ఎడిటర్ గారూ, మన దగ్గర్నుంచి కచ్ కి ప్యాకేజీలు నడిపేవాళ్ళు షాపు దగ్గర ఆపే టైమ్ తీసేసి ఒక్క పూట ఈ ఊళ్ళకి ఇవ్వాలని మీ పేపర్ ద్వారా అడుగుతున్నా. వెళ్ళేవాళ్ళు చేసిన మనిషి దగ్గరే కొనండి. మీరు కూడా అజ్రక్‌పూర్, పెడన రెండూ పక్కపక్కన పెట్టి ఒక పేజీ వేయండి, ఫోటోలు కావాలంటే నా ఫోన్లో ఉన్నాయి, పంపిస్తా.

వచ్చాక ఆ పెద్దాయన దగ్గర కొన్న బట్ట మా మావయ్యకి ఇచ్చాను, ఇప్పుడు చూపు సరిగ్గా ఆనదు ఆయనకి, రెండు వైపులా వేళ్ళతో తడిమి, ముక్కు దగ్గర పెట్టుకుని "కసిం బాగా పులిశాక వాడారమ్మా, ఎవరు వాళ్ళు?" అని అడిగాడు.

ఇట్లు,
మీ పాఠకురాలు, పెడన, కృష్ణా జిల్లా