బత్తాయి రైతులు వివరంగా అడగాలి

సంపాదకులకు నమస్కారం.

మా నల్లగొండ జిల్లాలో తోటకు ఏ తెగులు సోకినా రైతులు ఇప్పుడు ముందుగా వాట్సాప్ గ్రూపులోనే అడుగుతున్నారు. తోటి రైతుల అనుభవం ఇంటి దగ్గరే అందడం సంతోషించదగినదే. అయితే ప్రశ్న చాలాసార్లు “బత్తాయి ఆకులు పసుపు పడుతున్నయ్, ఏం మందు కొట్టాలె?” అన్న ఒక్క ముక్కతో, అరచేతిలో పెట్టి తీసిన ఒక్క ఆకు ఫొటోతో ఆగిపోతున్నది. గంట తిరగకముందే పదిమంది పది మందులు చెబుతారు. ఎవరి తోటలో ఏది పనిచేసిందో వారు అదే చెబుతారు గనుక వారిని తప్పుపట్టలేము.

కానీ ఆకులు పసుపు పడడానికి కారణం ఒక్కటే కాదు. లేత ఆకులు చిన్నవై, ఈనెకూ ఈనెకూ మధ్య భాగం పసుపు రంగుకు తిరిగితే జింకు లోపమని అనుమానించాలి. ముదురు ఆకులో తొడిమ వైపు మాత్రమే ఆకుపచ్చ రంగు ముక్కోణంలా మిగిలితే మెగ్నీషియం లోపం కావచ్చు. ముదురు ఆకు మొత్తం ఒకే తీరుగా పాలిపోతే నత్రజని చాలడం లేదేమో చూడాలి. పాదులో నీరు నిలిచి వేర్లు కుళ్లుతున్నా ఆకులు పసుపు పడతాయి, అప్పుడు ఆకుల మీద ఎంత పిచికారీ చేసినా ఖర్చే తప్ప ఫలితం ఉండదు.

అందుకే చెట్ల వయసు ఎంత, నేల చల్కనా రేగడా, డ్రిప్పు ద్వారా తడి ఇస్తున్నారా కాలువ పారిస్తున్నారా, ఏ ఎరువు ఎప్పుడు వేశారు, ఇంతకుముందు ఏ మందు ఎంత మోతాదులో కొట్టారు, తోటంతా ఇలాగే ఉందా లేక అక్కడక్కడ కొన్ని చెట్లకేనా అన్నది ప్రశ్నలోనే చెప్పాలి. రాయడం కష్టమనుకునేవారు వాయిస్ మెసేజ్ పెట్టవచ్చు. ఆకు పైభాగం, అడుగుభాగం, చెట్టు మొత్తం, కాండం మొదలు పగటి వెలుతురులో ఫొటో తీసి పంపాలి. ముఖ్యంగా మొదలు దగ్గర బంక కారుతుంటే అది తప్పక కనబడాలి. కిసాన్ కాల్ సెంటర్‌కు (1800-180-1551) ఫోన్ చేసినా, కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రానికి వెళ్లినా ఈ వివరాలు చేతిలో ఉంటే పని సులువవుతుంది.

గ్రూపులు నడిపేవారు కూడా ఈ వివరాలు అడిగిన తర్వాతే మందు పేరు చెప్పనివ్వాలి. తమ పత్రిక వ్యవసాయ పేజీలో రైతుల సందేహాలకు జవాబులు ఇచ్చేటప్పుడు నేల, చెట్ల వయసు, నీటి వసతి వివరాలతో ప్రశ్నను పూర్తిగా ప్రచురించవలసిందిగా మనవి చేస్తున్నాను.

— ఒక బత్తాయి రైతు, అనుముల మండలం, నల్లగొండ జిల్లా